ఇల్లు ఆమెకు, అప్పు ఇద్దరికీ: నెదర్లాండ్స్‌లో ఒక విడాకుల ఫైలు

ఆయన నా దగ్గరికి వచ్చింది విడాకుల సంగతి మాట్లాడటానికి కాదు, ఫ్లాట్ కొనుక్కోవడానికి. 2024 జూన్. మంచి జీతం, పర్మనెంట్ ఉద్యోగం, ఎక్కడా బాకీ లేదు. ఫారం నింపుతూ "వేరే ఇంటి మీద అప్పేమైనా ఉందా?" అని అడిగాను. "లేదన్నా" అన్నారు. కాసేపు ఆగి, "ఉంది గానీ అది నాది కాదు, మా ఆవిడది. మా ఆవిడ అంటే... ఇప్పుడు విడిగా ఉంటున్నాం" అన్నారు.

ఆ మాటలోని చిక్కు విప్పడానికి సరిగ్గా ఏడాది పట్టింది.

నేను ఆమ్‌స్టర్‌డామ్ చుట్టుపక్కల మార్ట్‌గేజ్ సలహాదారుగా పని చేస్తున్నాను. 2013 జనవరి నుంచి ఇక్కడ మాకు బ్యాంకులు కమీషన్ ఇవ్వడానికి వీల్లేదు, ఫీజు క్లయింటే ఇవ్వాలి. అందుకే చాలామంది పని బాగా చిక్కుపడ్డాక గానీ మా దాకా రారు. ఈ కేసు రాయడానికి ఇద్దరి అనుమతీ తీసుకున్నాను. వాళ్లను గుర్తుపట్టే వివరాలు తీసేశాను. అంకెలు గుండ్రం చేశాను, లెక్క మాత్రం చెడనివ్వలేదు. ఇందులో నా పొరపాటు కూడా ఒకటి ఉంది. అది వచ్చిన చోట దాచకుండా రాశాను.

నేపథ్యం

2012లో కోస్తా ఆంధ్రలో పెళ్లి. రెండేళ్లు హైదరాబాద్‌లో కాపురం. 2014 జూన్‌లో ఆయన ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చారు, ఆమె డిపెండెంట్ పర్మిట్ మీద. 2016లో పాప. 2019లో ఇద్దరికీ శాశ్వత నివాస అనుమతి వచ్చింది. అదే ఏడాది మే నెలలో ఊరి శివార్లలో వరస ఇళ్లలో ఒకటి కొన్నారు. అప్పు 3,60,000 యూరోలు, 30 ఏళ్లకు, మొదటి 20 ఏళ్లు వడ్డీ 2.3 శాతం దగ్గర ఖాయం. నెల కిస్తీ సుమారు 1,385 యూరోలు. ఆ ఏడాది జాతీయ మార్ట్‌గేజ్ గ్యారంటీకి హద్దు 2,90,000 కాబట్టి వీళ్ల ఇంటికి ఆ గ్యారంటీ లేదు. ఇది గుర్తుంచుకోవాలి. ఆ గ్యారంటీ ఉన్న ఇళ్లకు, విడాకుల్లో ఒకరు ఇంట్లోనే ఉండిపోవడానికి కొంత సడలింపు దొరుకుతుంది. ఇల్లు నష్టానికి అమ్మాల్సి వచ్చినా ఆ మిగులు అప్పును గ్యారంటీ ఆదుకునే అవకాశం ఉంటుంది. వీళ్లకు ఆ రెండూ లేవు.

2023 ఆగస్టులో ఆయన అద్దె ఇంటికి మారారు. డిసెంబరులో ఇద్దరూ ఇండియా వెళ్లారు. అక్కడ మేనమామలు, పెద్దమనుషులు కూర్చుని వంద రూపాయల స్టాంపు కాగితం మీద ఒప్పందం రాయించారు: నెదర్లాండ్స్ ఇల్లు ఆమెకు, దాని మీద అప్పు ఆమే కట్టుకోవాలి, ఆయనకు ఇక ఏ సంబంధమూ లేదు. హైదరాబాద్ శివార్లలో ఇద్దరి పేరున ఉన్న ప్లాటు సంగతి తర్వాత చూద్దామన్నారు. సాక్షుల సంతకాలు పడ్డాయి. ఆ కాగితాన్ని నమ్మి ఆయన జనవరి నుంచి తన సగం కిస్తీ ఆపేశారు.

ఒక విధంగా ఆ పెద్దలు చేసింది తెలివైన పనే. ఇంట్లో ఉండేవాళ్లు కట్టుకోవాలి, వెళ్లిపోయినవాళ్లు తప్పుకోవాలి అన్నారు. న్యాయంగానే ఉంది. కాకపోతే ఆ కూర్చున్నవాళ్లలో బ్యాంకు లేదు.

అసలు చిక్కు

మన ఊళ్లో ఇద్దరు కలిసి ప్రామిసరీ నోటు రాసిస్తే "మేమిద్దరం జమిలిగానూ, విడివిడిగానూ బాకీదారులం" అని రాస్తారు. డచ్చిలో దీన్ని హోఫ్‌దెలిక్ బాధ్యత అంటారు. సివిల్ కోడ్ ఆరో పుస్తకం 7వ అధికరణం ప్రకారం అప్పిచ్చినవాడు ఇద్దరిలో ఎవరి దగ్గరైనా మొత్తం బాకీ అడగొచ్చు. సగం కాదు, మొత్తం. ఇద్దరి మధ్య ఎవరి వాటా ఎంత అన్నది 10వ అధికరణం చూసుకుంటుంది. ఒకరు తన వాటాకు మించి కడితే రెండోవాళ్ల దగ్గర రాబట్టుకోవచ్చు. ఈ రెండూ వేరు వేరు. మొదటిది బ్యాంకుకు, సంతకం పెట్టినవాళ్లకు మధ్య. రెండోది భార్యాభర్తలకు మధ్య.

విడాకుల డిక్రీ గానీ, విడాకుల ఒప్పందం గానీ మార్చగలిగింది రెండోదాన్నే. మొదటిది మారాలంటే బ్యాంకు తనంతట తాను ఒకరిని వదిలిపెట్టాలి. వాళ్లిద్దరూ ఏం రాసుకున్నా దానికి బ్యాంకు కట్టుబడదు. బ్యాంకు వైపు నుంచి చూస్తే ఇందులో వింతేమీ లేదు. రెండు జీతాలు చూసి అప్పిచ్చిన వాడు, ఒక జీతం తప్పుకుంటానంటే మిగిలిన జీతం సరిపోతుందో లేదో చూసుకోడా?

ఆయనకు ఇది చెబితే, "ఇల్లు నాది కానప్పుడు అప్పు నాదెట్లా అవుతుందన్నా?" అన్నారు. ఇల్లు కూడా అప్పటికి ఇంకా ఆయనదే. రిజిస్టరులో సగం ఆయన పేరున ఉంది. స్టాంపు కాగితం కడాస్టర్‌కు, అంటే ఇక్కడి భూ రిజిస్టరుకు, చేరే దారే లేదు.

పైగా ఆయనకు తెలియని సంగతి ఇంకొకటి ఉంది. ఏప్రిల్, మే కిస్తీలు పడలేదు. ఆమె ఒక్క జీతం మీద పాప డేకేర్ లాంటి ఖర్చులన్నీ లాగుతూ వెనకబడింది. బ్యాంకు ఇద్దరికీ ఉత్తరం రాసింది, ఆయనదేమో పాత చిరునామాకు వెళ్లింది. ఆ ఉత్తరం ఆమె ఇంట్లోనే, ఫ్రిజ్ మీద, విప్పకుండా ఉంది. ఇద్దరి మధ్యా మాటల్లేని రోజులవి.

ఫ్లాటు లెక్క వేశాను. కొత్త బ్యాంకు దృష్టిలో ఆయన నెత్తిన పాత కిస్తీ 1,385 మొత్తం ఉన్నట్టే. తాను సగమే కట్టాల్సిన వాడినని, అదీ కట్టడం లేదని ఆయన చెప్పినా లెక్కలోకి రాదు. దాన్ని తీసేశాక మిగిలిన అప్పు శక్తితో ఆ ప్రాంతంలో కారు గ్యారేజీ కూడా రాదు. ఆ మాట ఆయనతో అన్నాను. నవ్వలేదు.

ముందుగా ఏం నిర్ణయించాను, ఎందుకు

మొదటి నిర్ణయం: ఫ్లాటు ఫైలు మూసేయడం. పాత అప్పు నుంచి బయటపడకుండా కొత్త అప్పుకు దరఖాస్తు చేస్తే తిరస్కారం తప్ప ఇంకేం రాదు.

రెండోది: వెంటనే ఆ రెండు కిస్తీలూ కట్టించడం. ఇంటి అప్పు మామూలుగా ఇక్కడి క్రెడిట్ రిజిస్టరులో కనబడదు, బాకీ పడితేనే ఎక్కుతుంది. ఒకసారి ఎక్కితే ఇద్దరి పేర్లకూ మచ్చే, ఆమె ఒంటరిగా అప్పు తీసుకునే అవకాశానికీ దెబ్బే. ఎవరి వాటా ఎంత అన్న వాదన తర్వాత చూసుకోవచ్చు, ముందు బ్యాంకుకు కట్టండి అన్నాను. ఆయన కట్టారు. తన వాటాకు మించి కట్టింది లెక్కలో రాసుకుంటానన్నారు. రాసుకోమన్నాను, అది ఆయన హక్కే.

మూడోది కొంచెం కష్టమైంది. ఇద్దరికీ నేనే సలహా ఇవ్వొచ్చా? ఆయన బయటపడాలి, ఆమె ఇల్లు నిలుపుకోవాలి. రెండూ ఒకే దారిలో ఉన్నట్టు కనిపిస్తాయి గానీ ఇంటి విలువ దగ్గర ఎదురుబొదురు నిలబడతాయి. విలువ పెరిగితే ఆయనకు లాభం, తగ్గితే ఆమెకు. అందుకని అప్పు తనమీద వేసుకునే మనిషి ఫైలు, అంటే ఆమె ఫైలు, నేను తీసుకున్నాను. ఆయనను ఇంకో సలహాదారు దగ్గరికి పంపాను. ఇద్దరికీ కలిపి ఒక మీడియేటర్, కోర్టులో పిటిషన్ వేయడానికి ఒక లాయరు. ఇక్కడ విడాకుల పిటిషన్ లాయరు ద్వారానే వేయాలి.

ఏ దేశపు చట్టం?

ఇక్కడ కాసేపు ఆగాలి, మనవాళ్ల కేసుల్లో అందరూ జారే చోటు ఇది. మీడియేటర్ మొదటి చిత్తులో "ఉమ్మడి ఆస్తి విధానం" అని రాశారు. 2018కి ముందు పెళ్లయిన డచ్చి జంటకు వేరే ఒప్పందం లేకపోతే అదే వర్తిస్తుంది: ఉన్నదంతా, అప్పులతో సహా, చెరిసగం. ఆయన తరఫువాళ్లకు ఇది నచ్చింది. అలాగైతే ఆమె బంగారం కూడా లెక్కలోకి వస్తుంది మరి.

కానీ వీళ్ల పెళ్లి 2012లో అయింది, మొదటి కాపురం హైదరాబాద్‌లో. 1992 సెప్టెంబరు నుంచి 2019 జనవరి 28 వరకు జరిగిన పెళ్లిళ్లకు నెదర్లాండ్స్ 1978 నాటి హేగ్ ఒడంబడికను పాటిస్తుంది. చట్టాన్ని ముందే ఎంచుకోకపోతే, పెళ్లయ్యాక మొదట ఎక్కడ స్థిరపడ్డారో ఆ దేశపు చట్టం. అంటే భారత చట్టం. హిందూ దంపతులకు అక్కడ ఉమ్మడి ఆస్తి అనేదే లేదు, ఎవరి పేరున ఉన్నది వారిదే.

"పదేళ్లు ఇక్కడ ఉన్నాం కదా, డచ్చి చట్టం దానంతటదే వస్తుందట" అని ఆయన ఎవరి దగ్గరో విని వచ్చారు. అదీ నిజమే. ఆ ఒడంబడికలో అలాంటి ఏర్పాటు ఉంది, 2014 జూన్‌కు పదేళ్లు కలిపితే 2024 జూన్. కానీ ఆ మార్పు ఆ తర్వాత సంపాదించిన వాటికే. 2019లో కొన్న ఇల్లు, 2012 నాటి బంగారం వెనక్కి వెళ్లి ఉమ్మడి కావు. లాయరు ఈ మాట రాసిచ్చాక చిత్తు మారింది: ఇల్లు ఇద్దరి పేరున సగం సగం ఉంది కాబట్టి మామూలు సహ యాజమాన్యం. బంగారం ఆమెది. ప్లాటు ఇద్దరి పేరున ఉంది కాబట్టి చెరిసగం. ఎవరైనా 2019 జనవరి 29న గానీ, ఆ తర్వాత గానీ పెళ్లి చేసుకుని ఉంటే నిబంధన వేరు. అప్పుడు యూరోపియన్ యూనియన్ నియమం వర్తిస్తుంది, అందులో ఈ పదేళ్ల మలుపు లేదు.

నేను లాయరును కాను. కానీ ఈ ప్రశ్న తేలకుండా నా లెక్క మొదటి అంకె కూడా పడదు. ఆమె చేతికి ఏం వస్తుందో, ఆయనకు ఏం ఇవ్వాలో అన్నీ దీని మీదే ఆధారపడి ఉన్నాయి.

నా పొరపాటు

ఆగస్టు చివర మీడియేటర్ ఫోన్ చేశారు. "ఆమె ఒక్కతే ఈ లోన్ మోయగలదా?" అడిగారు. ఆమె తాజా జీతం చీటీ నా ముందుంది. ఏడాదికి సెలవు భత్యంతో కలిపి 72,000 యూరోల పైన. బాకీ 3,15,000. బొటాబొటీగా సరిపోతుంది. "మోయగలదనే అనిపిస్తోంది" అన్నాను. అంతే. రెండు నిమిషాల ఫోను.

ఆ రెండు నిమిషాల్లో రెండు ప్రశ్నలు అడగలేదు. ఉద్యోగం పర్మనెంటా, ఏడాది కాంట్రాక్టా? ఆయన వాటా కొనే డబ్బు ఎక్కడిది?

సెప్టెంబరులో ఒప్పందం రాసుకున్నారు. ఇంటి విలువ, నమోదైన వాల్యుయర్ నివేదిక ప్రకారం, 5,50,000. బాకీ 3,15,000. మిగులు 2,35,000, అందులో ఆయన సగం 1,17,500. "ఇల్లు ఆమెకు కేటాయిస్తున్నాం, ఆమె ఆయనకు 1,17,500 చెల్లిస్తుంది, అప్పు పూర్తిగా ఆమె బాధ్యత" అని రాశారు. బ్యాంకు ఒప్పుకుంటేనే అన్న మాట లేదు. ఒప్పుకోకపోతే ఏమిటన్న మాటా లేదు. నేను "మోయగలదు" అన్నాను కదా, అందరికీ అదే ధీమా. నేను చెప్పింది పాత అప్పు గురించి, వాళ్లు విన్నది మొత్తం గురించి.

అక్టోబరులో కోర్టు విడాకులు ఇచ్చింది. ఇద్దరూ అప్పీలుకు వెళ్లబోమని సంతకం పెట్టడంతో నవంబరులో మునిసిపాలిటీలో నమోదైంది. ఇక్కడ కోర్టు ఉత్తర్వుతోనే విడాకులు పూర్తికావు, ఆరు నెలల్లో నమోదు చేయకపోతే ఆ ఉత్తర్వు చెల్లదు. ఇంకో మాట, ఇండియాలో దీన్ని ఎలా చూస్తారన్నది వేరే లాయరు పని. డచ్చి చట్టంలో విడాకులకు కారణం ఒక్కటే, దాంపత్యం కోలుకోలేనంతగా చెడిపోవడం. అది హిందూ వివాహ చట్టంలో లేదు. 1991లో వై. నరసింహారావు కేసులో, విదేశీ విడాకులు ఇండియాలో చెల్లడానికి సుప్రీంకోర్టు పెట్టిన షరతులు దృష్టిలో పెట్టుకుని, ఇద్దరూ తర్వాత ఊళ్లో పరస్పర అంగీకారంతో కూడా పిటిషన్ వేసుకున్నారు.

నవంబరులోనే బ్యాంకుకు రాశాం: 4,32,500 అప్పు ఆమె పేరున, ఆయనకు విముక్తి. డిసెంబరులో జవాబు వచ్చింది. కుదరదు.

ఎందుకు కుదరదో బ్యాంకు మర్యాదగానే వివరించింది. ఆమెది ఏడాది కాంట్రాక్టు. పర్మనెంట్ చేసే ఉద్దేశం ఉందని యజమాని రాసివ్వలేదు. అలాంటప్పుడు ఇప్పటి జీతం చూడరు, గత మూడేళ్ల సగటు చూస్తారు. పాప చిన్నప్పుడు ఆమె వారానికి మూడు రోజులే పని చేసింది, సగటు 50,000 లోపుకు పడిపోయింది. ఆ లెక్కన 4,32,500 మాట అటుంచి, ఉన్న 3,15,000 కూడా దక్కదు. పాప కోసం ఆయన ఇచ్చే భరణం ఆదాయంగా లెక్కపెట్టరు, అది పాప డబ్బు.

అంటే డిసెంబరు నాటికి పరిస్థితి ఇది: విడాకులు అయిపోయాయి. ఒప్పందం ప్రకారం ఇల్లు ఆమెకు రావాలి, రాలేదు. ఆయనకు డబ్బు రావాలి, రాలేదు. ఇద్దరూ ఇల్లుకీ అప్పుకీ కట్టుబడే ఉన్నారు. విడాకులకు ముందు కనీసం ఇద్దరికీ మాట్లాడుకోవాల్సిన అవసరం ఉండేది. ఇప్పుడు అదీ పోయింది.

ఆమె నాకు ఫోన్ చేసి, "మీరు అవుతుందన్నారు కదండీ" అంది. అంతకు మించి ఒక్క మాట అనలేదు. ఆ తర్వాతి గంటల పనికి నేను ఫీజు వేయలేదు.

చూసి వదిలేసిన దారులు

ఇంకో బ్యాంకు: కాంట్రాక్టు సమస్య అక్కడా ఉంటుంది. ఒకవేళ ఒప్పుకున్నా 2.3 శాతం వడ్డీ పోతుంది, అప్పటి మార్కెట్లో నాలుగు దాటింది. అదే 3,15,000, మిగిలిన 25 ఏళ్లకు, 4.2 శాతం మీద వేస్తే కిస్తీ 1,700 దగ్గరికి వస్తుంది. నెలకు 300 యూరోలకు పైగా తేడా. ఈ ఇంటిలో అసలు ఆస్తి గోడలు కాదు, ఆ పాత వడ్డీ రేటే అని ఆమెతో అన్నాను.

కోర్టు: సహ యజమానుల్లో ఎవరైనా పంపకం కోరవచ్చు, మూడో పుస్తకం 178వ అధికరణం. ఆయన లాయరు ఆ మాట ఎత్తారు. కోర్టు ఇల్లు అమ్మించగలదు, ఒకరికి కేటాయించనూ గలదు. కానీ బ్యాంకు చేత ఆయనను వదిలిపెట్టించలేదు. కోర్టు దాకా వెళితే దొరికేది అమ్మకమే. అది ఎవరి లక్ష్యమూ కాదు, ఆయనది కూడా కాదు. పాప బడి ఆ వీధి చివరే.

ఊరికే అలా ఉండనివ్వడం: చాలామంది చేసేది ఇదే. ఆమె కడుతూ ఉంటుంది, కాగితం మీద ఇద్దరూ ఉంటారు. దీనికి పన్ను గడియారం ఒకటి ఉంది. ఇల్లు వదిలి వెళ్లినవాళ్లు తమ వాటా వడ్డీకి పన్ను మినహాయింపు రెండేళ్ల వరకే పొందగలరు. ఆయన వెళ్లింది 2023 ఆగస్టు. గడువు 2025 ఆగస్టు. ఆ తర్వాత ఆ సగం ఇల్లు ఆయనకు సొంత నివాసం కాదు, పన్నుల లెక్కలో పొదుపు, పెట్టుబడుల విభాగంలోకి జారిపోతుంది. ఈ తేదీని నేను అందరి ముందూ పెట్టాను. కోపాలు పక్కన పెట్టి కూర్చోవడానికి ఒక తేదీ కావాలి, అదే పనికొచ్చింది.

పని చేసినది

జనవరిలో పాత ఒప్పందానికి అనుబంధం రాశారు. ఈసారి ప్రతి వాక్యం రాసేముందు "బ్యాంకు ఏమంటుంది?" అని నేను అడిగాను, మీడియేటర్‌కు విసుగొచ్చేదాకా.

మొదటిది, ఆయనను బ్యాంకు అప్పు నుంచి విడుదల చేస్తేనే ఇల్లు ఆమెకు కేటాయింపు. రెండూ ఒకే రోజు, నోటరీ దగ్గర. రెండోది, జూలై 1 లోపు విడుదల రాకపోతే ఇల్లు అమ్మకానికి పెట్టాలి. ఏజెంటు పేరు, ఎంతకు తగ్గితే ఒప్పుకోవాలన్నది ముందే రాశారు. ఆమె ఈ వాక్యం దగ్గర ఏడ్చింది. కానీ ఈ వాక్యం ఉండబట్టే ఆయన కోర్టు మాట వదిలేశారు. మూడోది, విలువ 5,50,000, బాకీ 3,15,000 సెప్టెంబరు నాటివే ఖాయం. అప్పటినుంచి కిస్తీ మొత్తం ఆమే కడుతోంది కాబట్టి తగ్గే అసలు ఆమెది. ఇల్లు పెరిగినా తగ్గినా ఆమెదే. మామూలుగా ఇలాంటి సహ యాజమాన్యంలో పంపకం రోజు విలువే చూస్తారు కాబట్టి ఇది రాయకపోతే కొత్త గొడవ. నాలుగోది, ఈలోగా బ్యాంకు ఆయనను అడిగితే ఆమె భరించాలి.

ఇక డబ్బు. 1,17,500ను ఒకే చోట నుంచి తేవాలనుకోవడమే మొదటి ఒప్పందంలోని తప్పు. దాన్ని మూడు ముక్కలు చేశాం.

ప్లాటులో ఆమె సగానికి 50,000 యూరోల విలువ కట్టుకుని, ఆ వాటా ఆయనకు వదిలేసింది. దీనికి హైదరాబాద్‌లో రిజిస్ట్రేషన్ జరగాలి. ఆమె ఇక్కడి నోటరీ ముందు పవర్ ఆఫ్ అటార్నీ మీద సంతకం చేసి, జిల్లా కోర్టులో అపోస్టిల్, అంటే విదేశంలో చెల్లే ధ్రువీకరణ ముద్ర, వేయించి పంపింది. అక్కడికి చేరాక మూడు నెలల్లోపు దానికి స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఇక్కడి నోటరీ అంటే కలెక్టరాఫీసు బయట చెట్టు కింద ముద్ర వేసే మనిషి కాదని అక్కడివాళ్లకు చెప్పుకోవాల్సి వచ్చింది. ఇక్కడ ఆస్తి చేతులు మారాలంటే నోటరీ దస్తావేజు లేనిదే కుదరదు, డబ్బు కూడా నోటరీ ఖాతా మీదుగానే పోతుంది.

40,000 ఆమె అమ్మానాన్నల కానుక. ఇద్దరూ రిటైరైన టీచర్లు, ఫిక్స్‌డ్ డిపాజిట్లు విరిచారు. విదేశానికి పంపితే ఒక హద్దు దాటిన మొత్తం మీద 20 శాతం పన్ను ముందే పట్టుకుంటారు. 2025 మార్చి 31 వరకు ఆ హద్దు మనిషికి ఏడాదికి 7 లక్షలు, ఏప్రిల్ 1 నుంచి 10 లక్షలు. అందుకని ఇద్దరూ వేర్వేరుగా, మార్చిలో ఏడేసి, ఏప్రిల్‌లో మిగతాది పంపారు. మూడు నాలుగు లక్షల మీదే పన్ను పడింది, అదీ రిటర్నులో తిరిగొచ్చేదే. దాత ఇండియాలోనే ఉంటూ, ఎన్నడూ నెదర్లాండ్స్‌లో నివసించి ఉండకపోతే ఇక్కడి కానుక పన్ను ఉండదు. పన్ను లేకపోయినా డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో బ్యాంకుకూ నోటరీకీ చూపించాలి. డిపాజిట్ రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, "ఇది అప్పు కాదు, తిరిగి అడగం" అన్న ఉత్తరం. ఆ చివరి కాగితం ముఖ్యం. అమ్మానాన్నల దగ్గర అప్పు అంటే అది కూడా ఆమె నెత్తిన కిస్తీగా లెక్కవుతుంది.

మిగిలిన 27,500 మాత్రమే అదనపు అప్పు. పాత అప్పు పాత వడ్డీ మీదే ఉండిపోతుంది, కొత్త వడ్డీ ఈ చిన్న ముక్కకే.

ఇంత చేసినా కాంట్రాక్టు మారకపోతే ఏమీ జరగదు. మార్చిలో ఆమెను పర్మనెంట్ చేశారు. ఇందులో నా గొప్ప ఏమీ లేదు. నేను చేసిందల్లా ఆ కాగితం వచ్చేదాకా దరఖాస్తు పెట్టకుండా ఆపడమే. ఫిబ్రవరిలోనే పెడదామని ఆమె తొందరపడింది. రెండోసారి కాదనిపించుకున్నాక మూడోసారి అడగడం చాలా కష్టమని చెప్పాను. ఏప్రిల్‌లో పెట్టినప్పుడు కొత్త కాంట్రాక్టుతో పాటు, పదహారు నెలలుగా ఇంటి ఖర్చులన్నీ ఆమె ఒక్కతే ఎలా నడిపిందో చూపే స్టేట్‌మెంట్లు కూడా జతచేశాను. మధ్యలో తప్పిన రెండు కిస్తీల గురించి దాచకుండా ఒక పేజీ రాశాను. తనిఖీలో కనబడేదాన్ని ముందే మనం చెబితే అది వివరణ అవుతుంది, వాళ్లే కనిపెడితే అనుమానం అవుతుంది.

మే మొదట్లో బ్యాంకు ఒప్పుకుంది. ఆ ఆఫరుకు కొన్ని వారాల గడువే. అప్పుడు వచ్చింది వరస సమస్య: ముందు ప్లాటా, ఇల్లా? ప్లాటు ముందు ఇచ్చేస్తే ఇల్లు ఆగిపోతే ఎలా అని ఆమె భయం. ఇల్లు ముందు రాసిస్తే ప్లాటు ఎగ్గొడితే ఎలా అని ఆయన భయం. ఇద్దరివీ సమంజసమే. బ్యాంకు ఆఫరు చేతిలో ఉంది కాబట్టి ప్లాటు ముందు అని తేల్చాం. ఏ కారణం చేతనైనా ఇల్లు మారకపోతే ఆయన ఆమెకు 50,000 బాకీ అని ఒక పేజీ రాయించాం. ఆ బాకీ ఆమె మీద రాయించి ఉంటే బ్యాంకు మళ్లీ లెక్క వేసేది, అందుకే ఈ వైపు నుంచి రాశాం. సబ్ రిజిస్ట్రార్ దగ్గర ఒకసారి సర్వర్ పనిచేయక, ఒకసారి ఆధార్‌లో ఇంటిపేరు తేడా వచ్చి, మూడో రోజుకు పని అయింది.

2025 జూన్ మూడో వారంలో నోటరీ దగ్గర దస్తావేజు. ఇల్లు మొదటినుంచీ సగం సగమే కాబట్టి పంపకం మీద బదిలీ పన్ను పడలేదు. 67,500 ఆయన ఖాతాకు వెళ్లింది. నోటరీ డచ్చిలో చదువుతుంటే అనువాదకురాలు ఇంగ్లీషులో చెప్పింది. ఆయన ఒక్క ప్రశ్నే అడిగారు: "బ్యాంకు సంతకం ఏ పేజీలో ఉంది?" నోటరీ చూపించారు. ఆ పేజీని ఫోనులో ఫొటో తీసుకున్నారు.

ఇప్పుడు ఇలాంటి ఫోను వస్తే

ఎవరైనా "ఈ లోన్ ఒకరు మోయగలరా?" అని అడిగితే ఫోనులో జవాబు చెప్పడం మానేశాను. కాంట్రాక్టు కాపీ, మూడేళ్ల ఆదాయం, రెండోవాళ్లకు ఇవ్వాల్సిన మొత్తం, ఈ మూడూ కాగితం మీద లేకుండా అవునని గానీ కాదని గానీ అనను. మీడియేటర్‌కు పంపే ప్రతి లెక్క కింద "ఈ అంకెలో ఫలానావి కలవలేదు" అని ఒక వరుస రాస్తాను. ఒప్పందం సంతకానికి ముందే బ్యాంకు నుంచి ప్రాథమిక అభిప్రాయం రాతపూర్వకంగా అడుగుతున్నాను. అన్ని బ్యాంకులూ ఇవ్వవు, ఇచ్చినా అది హామీ కాదు. అయినా ఏ కాగితం తక్కువైందో అప్పుడే తెలుస్తుంది.

వీళ్లిద్దరికీ అప్పటికే శాశ్వత నివాస అనుమతి ఉండటం వల్ల ఈ ఫైలు ఇంత సులువుగా తేలింది. ఆమె ఇంకా డిపెండెంట్ పర్మిట్ మీద ఉండి ఉంటే ఇమిగ్రేషన్ ప్రశ్న అన్నిటికన్నా ముందు వచ్చేది. ఆ పని ముందు తేల్చుకు రమ్మని పంపేవాణ్ని.

సెప్టెంబరులో ఆయన ఫ్లాటు కోసం తన కొత్త సలహాదారు దగ్గరికి వెళ్లారు. ఈసారి పాత కిస్తీ లెక్కలోకి రాలేదు. అక్టోబరులో నాకు ఒక మెసేజ్ పెట్టారు. ఇల్లు మారింది, అప్పు మారింది, కానీ ఆ అప్పుకు జతగా 2019లో ఇద్దరి పేరున తీసుకున్న జీవిత బీమా ప్రీమియం ఇంకా ఆయన ఖాతాలోంచే పోతోంది, నాలుగు నెలలుగా. అది నా జాబితాలో లేదు. ఆ మర్నాడు చేర్చాను.